దూదిబాట మీద అడవిపంది

మా అమ్మమ్మ మొగిలమ్మ నేలమీద కుక్క అడుగు చూసి అది ఏ రంగుదో, ఎవరిమీద కోపంగా ఉన్నదో, పొద్దున బువ్వ తిన్నదో లేదో చెప్పేస్తుంది. వరంగల్ జిల్లాలో ఇంత చదువు ఇంకెవరికైనా ఉంటే తీసుకురండి, నా పలక వాళ్లకిచ్చేస్తాను.

ఆమె ఒక్కచోట కూర్చోలేదు. చలికాలమైతే మరీను. పత్తిబండ్లు పోయిన బాటంతా దూది రాలి తెల్లగా ఉండేది. దానిమీద మంచు కురిస్తే ప్రతి జంతువు అడుగూ నల్లగా అచ్చుపడేది. తెల్లారగానే నన్ను లేపి అటు లాక్కుపోయేది. నాలుగడుగులు వేసి కూలబడేది, లేచేది, మళ్లీ వెనక్కి ఉరికేది.

“తొక్కకు! ఆడ ముంగిస ఉన్నది.”

“ఏదీ?”

“ఎప్పుడో పోయింది. అడుగున్నది.”

మనుషుల మొహాలు మాత్రం గుర్తుండవు. ఒక పెండ్లిలో సొంత వియ్యంకుడిని “మీరెవరు?” అని అడిగింది. ఆయన అలిగి వెళ్లిపోయాక నేల చూసి, “అయ్యో, బావగారా!” అంటూ వెంటపడింది.

ఒక ఏడు మా సుబేదారి వాడ పక్కన పాండురంగం సావుకారి జొన్నచేనును ఏదో పశువు మేసిపోయింది.

“యాకమ్మ బర్రె పనే ఇది. బందెలదొడ్డికి తోలిస్త,” అని సావుకారి ఎగిరాడు.

బందెలదొడ్డిలో పడితే జుర్మానా కట్టాలి, లేకుంటే వేలం. యాకమ్మకు ఆ బర్రె పాలే బతుకు. కొంగు నోట్లో కుక్కుకొని నిలబడింది.

“మొగిలక్కా, జర నువ్వే అడుగు చూసి చెప్పు. నీ మాటే ఖరారు,” అన్నాడు సావుకారి.

అడుగులు చేనులోంచి తెల్లబాట మీదుగా నేరుగా యాకమ్మ గుడిసెకే పోయాయి. నాకే తెలిసిపోయింది. అమ్మమ్మ వంగింది, లేచింది. అటు పోయింది, ఇటు వచ్చింది. తొక్కొద్దని ఊరందరినీ తిట్టే మనిషి, తన రెండు కాళ్లతో బాటంతా కలియదొక్కింది.

“అడవిపంది,” అన్నది.

“సుబేదారిల అడవిపందా!”

“రెండు. ఒకటి ముసల్ది. నడుం నొస్తాంది దానికి.”

“ఇందాక బర్రె అడుగు లెక్కనే కనబడ్డది గదక్కా?”

“మరి నన్నెందుకు పిలిచినవ్? నువ్వే చెప్పుకో!”

సావుకారి నేలకేసి చూశాడు. అక్కడ మా అమ్మమ్మ పాదాలు తప్ప ఏమీ లేవు. ఆ వారమే చేనుచుట్టూ ముళ్లకంచె వేయించాడు.

ఆ పొద్దు ఇంటికి పోతూ పోతూ అమ్మమ్మ యాకమ్మ గుడిసె ముందు ఆగింది. “యాకమ్మా, బర్రెకు గట్టి పలుపు కట్టు. పందులు పలుపు కొరుకుతాన్నయి.”

నేను ఊరుకోలేకపోయాను. “అమ్మమ్మా, అది బర్రె అడుగే గదా?”

“బర్రె అని సంటిపిల్ల గూడ చెప్తది. పంది అని నమ్మియ్యాల్నంటేనే చదువు గావాలె. నడువు బడికి!”