డాబా మీదికెక్కిన వంగతోట

పోయిన నెల, ముసురు పట్టిన ఒక పొద్దున తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, అత్తమ్మ పోయింది. నిద్రల్నే పోయింది" అన్నాడు. నేను డిచ్‌పల్లి నుంచి నిజామాబాద్ చేరేసరికి ఆమెను ముందటి అర్రలో చాప మీద పడుకోబెట్టారు. అమ్మ తలాపున కూర్చుని ఉంది. ఏడవడం లేదు. నన్ను చూసి, "నిన్న పొద్దూకినంక గూడ చెట్లకు నీళ్లు వోసినవా అని అడిగింది" అని మాత్రం అంది.

ఆమె మా బాపుకు అక్క, నాకు మేనత్త. మా గల్లీ దాటితే ఆమె ఎవరో తెలిసినవాళ్లు తక్కువ. పిల్లలు లేరు. తలుచుకునేవాళ్లం మేమే కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆమెను బోధన్ దగ్గర చెరుకు పండే ఊరికి ఇచ్చారు. చెరుకు లోడుతో పోతున్న ట్రాక్టర్ కాలువ గట్టు మీద బోల్తా పడి మామ చనిపోయాడు. ఏడాది తిరగకముందే బాపు వెళ్లి అక్కను తీసుకొచ్చాడు. నేనప్పుడు బడికి పోయే పిల్లను. చూడవచ్చిన చుట్టాల్లో ఒకామె, అత్తమ్మకు వినబడేటట్టే, "ఎన్నొద్దులుంటదట?" అని మా అమ్మను అడిగింది. అమ్మ ఏమీ అనలేదు. ఉంటుందనీ అనలేదు, పోతుందనీ అనలేదు. వంటింటి గడప మీద కూర్చుని చాయ తాగుతున్న అత్తమ్మ సగం తాగిన కప్పు కింద పెట్టి లేచిపోయింది.

తెల్లారి పార పట్టుకుని ఇంటెనుకకు పోయింది. అక్కడ ఇల్లు కట్టినప్పటి ఇటుక ముక్కలు, కంకర, పెంకులు తప్ప మట్టి కనబడేది కాదు. ఎన్నాళ్లు తవ్విందో, గంపలతో ఎంత ఎత్తిపోసిందో. వానలు మొదలయ్యేసరికి అక్కడ నారుమడి తయారైంది. అత్తగారి ఊళ్లో కాలువ పక్క, వలస వచ్చిన ఆంధ్రా రైతులుండే క్యాంపులో ఒకామె ఉండేదట. ఆమె పెరట్లో పనికి తోడుపోయి అత్తమ్మ ఇదంతా నేర్చుకుంది. ఆ కాకరకాయ, ఈ బీరకాయ అని లేదు. రెండే పెట్టేది: వంకాయ, మిరపకాయ. "ఈ రెండు ఉంటె ఇంట్ల ఏ పూటకు ఆ పూట ఎల్తది" అనేది.

మూడో నెల నుంచి మా ఇంట్లో వంకాయ కొన్నది లేదు. ఆమె చేతిలో ఏదో ఒకటి లేకుండా అన్నానికి కూర్చున్నదీ లేదు. కాపు లేని రోజుల్లో కూడా కొంగులో రెండు పచ్చిమిరపకాయలన్నా తెచ్చి అమ్మ ముందు పెట్టి, అప్పుడు కంచం అందుకునేది. అది ఆమె అలవాటని అనుకునేదాన్ని.

పొద్దున మంచు ఆరకముందే ఆకుల మీద పొయ్యి బూడిద చల్లేది. వంగకొమ్మ చివర వాలిపోయి కనబడితే, లోపల పురుగు చేరిందని, వాలిన చోటికి కింద తుంచి పొయ్యిలో వేసేది. నీళ్లు పోయడం మాకు ఇచ్చేది కాదు. "వంకాయకు నీళ్లు తక్కువైతె అలుగుతది. మిరపకు ఎక్కువైతె సస్తది. రెండిటి మనసు ఒక్కటి గాదు" అనేది. మిరప ఆకు ముడుచుకుపోతే ఆ చెట్టును వేళ్లతో సహా పీకేసేది. పూత మీదున్నా సరే. "జాలి పడ్డవనుకో, పక్క చెట్టు గూడ పోతది."

ఒక ఏడు వంగ పెట్టిన మడిలో మిరప పెట్టకుండా జొన్న చల్లింది. ఎందుకని బాపు అడిగాడు.

"వంకాయ, మిరప, టమాట ఒక్క తల్లి పిల్లలు తమ్మీ. ఒకలు ఉన్న జాగల ఇంకొకలను పెడితె ఆ రోగమే అంటుతది. ఒక్క తల్లి పిల్లలు ఒక్క మడిల ఎక్కువ కాలం ఉండొద్దు."

బాపు నవ్వాడు. లోపల గిన్నెలు తోముతున్న అమ్మ చెయ్యి ఆగింది.

తమ్ముడికి పెళ్లి కుదిరినప్పుడు ఇల్లు చాలదని తేలింది. ఖాళీగా ఉన్నది ఇంటెనుక జాగ ఒక్కటే. బాపు వారమంతా అక్క ముందు మాట నములుతూ తిరిగాడు. చివరికి ఆమే అడిగింది.

"ఏందో చెప్పరాదు తమ్మీ."

"ఎనుకకు రెండు అర్రలు ఎయ్యాలె అక్కా."

"ఎయ్యి. పిల్లగాడు యాడ పండాలె మరి."

మేస్త్రీలు వచ్చే ముందురోజు ఆమె ఒక్కతే మడిలో దిగింది. చెట్లు మంచి కాపు మీదున్నాయి. గోలీకాయంత పిందెలతో సహా అన్నీ తెంపి గల్లీలో పంచింది. తర్వాత ఒక్కో చెట్టూ పీకి గోడకు చేర్చింది. ఎవరినీ చెయ్యి వేయనియ్యలేదు.

ఆ తర్వాత ఆమె తిండి తగ్గిపోయింది. పిలిస్తే, "ఆకలైతలేదు, మీరు తినున్రి" అనేది. దవాఖానకు తీసుకుపోతే రోగం ఏమీ లేదన్నారు. కొత్త కోడలు వచ్చిన ఇల్లు సందడిగానే ఉంది. ఆ సందట్లో ఆమె చీర వదులవుతున్న సంగతి మాకెవరికీ పట్టలేదు. అమ్మకు పట్టింది.

వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు ఎక్కువ మాట్లాడుకోవడం నేనెప్పుడూ చూడలేదు. కొట్లాడుకోవడం కూడా చూడలేదు. ఒక మధ్యాహ్నం నేను పుట్టింటికి పోయేసరికి డాబా మీద చప్పుళ్లు. పోయి చూస్తే అమ్మ. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని మనిషి, కోయించిన నీళ్ల డ్రమ్ములను వరసగా పెట్టి, బస్తాల్లో తెప్పించిన ఎర్రమట్టి తట్టతో నింపుతోంది. నన్ను సాయం రానియ్యలేదు. ఆ మట్టి చేతులతోనే కిందికి దిగి అత్తమ్మ మంచం ముందు నిలబడింది.

"వదినె, నారు ఎట్ల పొయ్యాలె, జర చెప్పు."

"నీకెందుకే పిల్లా, ఈ వయసుల."

"నాకు రాదు. నువ్వొచ్చి చెయ్యాలె."

అత్తమ్మ గోడవైపు తిరిగింది. అమ్మ కదలలేదు.

"ఆనాడు గామె ఎన్నొద్దులుంటదని అడిగితె నేను నోరు తెరవలేదు. ఏం చెప్పాల్నో తోచలేదు వదినె. నీ ఇంట్ల నువ్వు ఎన్నొద్దులుంటవని ఎవ్వలు మాత్రం ఎట్ల చెప్తరు?"

అత్తమ్మ ఇటు తిరిగి లేచి కూర్చుంది. "ఎర్రమట్టి ఒక్కటే పోస్తె గట్టిపడ్తది. పశువుల ఎరువు తెప్పించినవా?" అంది.

ఆ రాత్రి ఇద్దరూ ఒకే దగ్గర కూర్చుని తిన్నారని మరదలు చెప్పింది. ఆరోజు అత్తమ్మ చేతిలో ఒక్క మిరపకాయ కూడా లేదట.

డాబా మీద తోట కొన్నేళ్లు బాగా సాగింది. ఆ తర్వాత అత్తమ్మ గుండె నీరసపడింది. మెట్లెక్కవద్దని డాక్టర్ కచ్చితంగా చెప్పాడు. అప్పటి నుంచి అమ్మే రోజూ పైకి పోయి, అనుమానం ఉన్న చెట్టు ఆకొకటి తెంపి పళ్లెంలో పెట్టి కిందికి తెచ్చేది. అత్తమ్మ దాన్ని తిప్పి, వెనకవైపు వేలితో రాసి, కిటికీ వెలుతురులో పట్టి చూసేది. "తెల్లదోమ. పుల్లటి మజ్జిగ చల్లు." అమ్మ మళ్లీ మెట్లెక్కేది. ఒక్కోసారి మంచి ఆకునే తెస్తుందని నాకు అనుమానం. అత్తమ్మకు కూడా ఉండే ఉంటుంది. అయినా అంతే శ్రద్ధగా చూసేది.

ఈ వానాకాలంలో ఆకు చేతిలో పట్టుకుని అట్లాగే నిద్రపోవడం మొదలుపెట్టింది. ఆమె మాట తడబడుతున్న కొద్దీ అమ్మ ఎక్కువసేపు మంచం దగ్గర కూర్చునేది. ఆమె చనిపోయిన పొద్దున లేపబోయింది కూడా అమ్మే.

పదో రోజు అయిపోయి చుట్టాలు వెళ్లిపోయారు. ఇంట్లో వంకాయ కూర వండడం లేదు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ వండలేదు. పైన కాయలు ముదిరి పసుపు పచ్చగా మారాయి. తెంపుదామని మొన్న ఆదివారం బుట్ట తీసుకుని నేను మెట్లెక్కాను. డాబా తలుపు దగ్గర అమ్మ కూర్చుని ఉంది. చప్పుడు చెయ్యవద్దని చేత్తో సైగ చేసింది.

మిరపకాయలు పండి చెట్లు ఎర్రగా ఉన్నాయి. వాటి మీద రామచిలుకల గుంపు వాలింది. కొమ్మలు వంగిపోయేటట్టు వేలాడుతూ, ఒక్కో పండును కాలితో పట్టుకుని గింజలు ఒలుచుకుని తింటున్నాయి. అమ్మ ఒళ్లో చేతులు పెట్టుకుని వాటిని తిననిస్తోంది.