మైదానంలోకి దిగని జట్టు

మొన్న ప్లెయిన్స్‌బరోలో మా అపార్ట్‌మెంట్ గుమ్మం ముందు ఎవరో పడేసి పోయిన ప్రకటనల పేపరు మంచులో తడిసి ముద్దయి ఉంటే, చెత్తబుట్టలో వేయబోయి, ఎందుకో చెయ్యి రాక హీటరు మీద ఆరేశాను. కాసేపటికి ఇల్లంతా ఆ వాసన పట్టుకుంది. తడి కాగితం, వెచ్చబడుతున్న సిరా, అడుగున ఎక్కడో వేడి ఇనుము. మా ఆయన వచ్చి ఏం మాడుతోందని అడిగాడు. ఏమీ లేదన్నాను. న్యూజెర్సీలో నలభై ఏళ్ల నాటి ఒహాయో మాడుతోందని చెబితే ఆయనకేం అర్థమవుతుంది గనక!

డెబ్బైల చివర, నాకు ఎనిమిదో ఏడు నడుస్తుండగా, గుంటూరు ఎండల్లోంచి ఎత్తి మమ్మల్ని ఆ ఒహాయో చలిలో పడేశాడు నాన్న. ఆయన వంతెనలు కట్టే కంపెనీలో సివిల్ ఇంజనీరు. ఊళ్లో తెలుగు కుటుంబాలు నాలుగంటే నాలుగు. కందిపప్పు కావాలంటే రెండు గంటలు డ్రైవ్ చేసి వెళ్లి తెచ్చుకోవాలి, తెలుగు మాట కావాలంటే ఆ నాలుగిళ్లలోనే తిరగాలి. మిగిలిన ఊరంతటికీ ఒకటే పిచ్చి, కాలేజీ ఫుట్‌బాల్. అది కాలితో తన్నే ఆట కాదనీ, కోడిగుడ్డులాంటి బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే ఆట అనీ తెలియడానికి నాన్నకి ఒక సీజను పట్టింది. తెలిశాక మాత్రం ఆయన్ని ఆపేవాళ్లు లేరు. అక్టోబరు వచ్చిందంటే చాలు, శనివారం మధ్యాహ్నాలు వీధిలో ఎండుటాకులు తగలబెట్టిన పొగ, దూరాన స్టేడియం దగ్గర బ్యాండు మేళం, వంటింట్లో అమ్మ కలుపుతున్న మరమరాల్లో ఉల్లిపాయ, పచ్చిమిరప ఘాటు, ముందుగదిలో గళ్ల లుంగీల మీద స్వెట్టర్లు తొడుక్కుని టీవీకి మోకాళ్లు ఆనించి కూర్చున్న నలుగురు మగవాళ్లు, వాళ్లలో ఎవడో ఒకడు ‘ఒరే పట్టుకోరా, పట్టుకోరా వాణ్ణి’ అని ఆ తెల్ల కుర్రాళ్లకి తెలుగులో సలహాలివ్వడం. అంతకంటే సుఖమైన గోలని నేను మళ్లీ వినలేదు.

ఆ నలుగురిలో నాన్నకి ప్రాణం యాదగిరి అంకుల్. వరంగల్ మనిషి, టైర్ల ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టు. మా పెరడూ వాళ్ల పెరడూ వీపులానించుకుని ఉండేవి, మధ్యన కంచె కూడా లేదు. ఆయన నాన్నని అన్నా అని తప్ప పిలవలేదు. వాళ్లమ్మాయి శోభకి నా వయసే. స్కూలు బస్సు దిగి బ్యాగులు మెట్ల మీద విసిరేసి, చీకటి పడేదాకా ఆ రెండు పెరళ్లలోనూ బంతి పట్టుకుని పరిగెత్తేవాళ్లం. ఆకుల కుప్పల్లో పడి దొర్లేవాళ్లం, లేచేసరికి జడల నిండా ఆకు ముక్కలు. శోభ వాళ్లమ్మ సుగుణాంటీ మమ్మల్నిద్దర్నీ వాకిట్లో నిలబెట్టి దువ్వెనతో దులిపి, పెనం మీద నుంచి అప్పుడే తీసిన సర్వపిండి తుంపి చేతిలో పెట్టేది. నువ్వులు, పల్లీలు పళ్ల కింద కరకరలాడేవి. మా అమ్మ చేతి వంట తిన్నట్టే తిని పెరిగాను ఆవిడ వంట.

బతుకమ్మ రోజులొచ్చాయంటే మా ఇద్దరికీ పువ్వులు కోసుకొచ్చే పని. తంగేడు పువ్వు ఒహాయోలో ఎక్కడ దొరుకుతుంది? రైలుపట్టాల పక్కన పిచ్చిగా పూసే పచ్చటి అడవిపూలు కోసుకొచ్చేవాళ్లం. వాటి పుప్పొడికి తుమ్మి తుమ్మి ముక్కులు ఎర్రబడేవి. ఆంటీ వాటినే పళ్లెంలో వరసలు వరసలుగా పేర్చి, నడుమ గుమ్మడిపువ్వు నిలబెట్టి, పాట ఎత్తుకునేది. మేం చర్చికి పోయేవాళ్లం కదా, అమ్మ మొదటి ఏడు చెట్టు కింద దూరంగా చేతులు కట్టుకుని నిలబడింది. రెండో ఏడు నిలబడలేకపోయింది, వచ్చి చప్పట్లు కొడుతూ తిరిగింది. దానికి బదులన్నట్టు క్రిస్మస్‌కి వాళ్లు మా ఇంటికి వచ్చి, అమ్మ గులాబీ పువ్వులూ కజ్జికాయలూ నూనెలో వేయిస్తుంటే పక్కన కూర్చుని సకినాలు చుట్టిచ్చేవాళ్లు. ఏది ఎవరి పండగో మాకు తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు.

ఇక డిసెంబరు సంగతి. ఆటలన్నీ ముగిశాక పేపర్లో ఆల్‌-అమెరికా జట్టు అచ్చయ్యేది. దేశంలో ఉన్న కాలేజీలన్నింటిలోంచీ ఏ స్థానానికి ఎవడు మొనగాడో ఏరి కూర్చిన జట్టు. కోచ్‌లు ఏరింది ఒకటి, పేపర్లలో ఆట గురించి రాసేవాళ్లు ఏరింది ఇంకొకటి, ఒకదానికొకటి పొసగదు. చిత్రమేమిటంటే ఆ జట్టు ఒక్కనాడూ మైదానంలోకి దిగదు. ఒక్క ఆట ఆడదు. ఉత్త కాగితం మీది పేర్లు. పేపరు కుర్రాడు విసిరేసిన పేపరు మంచులో తడిస్తే అమ్మ దాన్ని హీటరు మీద ఆరేసేది, అది ఆరేలోపే నలుగురూ చేరేవాళ్లు, ఎవర్ని ఎందుకు వేశారు, ఎవర్ని ఎందుకు వదిలేశారు అని. చివరికి తిట్టుకుని లాభం లేదని మన జట్టు మనమే ఏరదామని మొదలెట్టారు. ఒక్కో స్థానానికి ఇద్దరి పేర్లు, రెండు స్టీలు గ్లాసులు, తలా ఒక వేరుశనక్కాయ. శోభా నేనూ గ్లాసులు పట్టుకుని తిరిగేవాళ్లం, మగవాళ్లు నచ్చిన దాంట్లో కాయ వేసేవాళ్లు. ఆడవాళ్లకి కాయల్లేవు. ఆ శనివారాల ఆటలు వంటింటి గుమ్మంలోంచి వాళ్లందరికంటే శ్రద్ధగా చూసిన సుగుణాంటీని ఒక్కరూ అడగలేదు. లెక్క తేలాక ఓట్లన్నీ ఒలుచుకుని మేమే తినేసేవాళ్లం.

నాలుగేళ్లపాటు అది నవ్వులాటే. నాన్న వాదన ఎప్పుడూ ఒకటే. ఎన్ని గజాలు పరిగెత్తాడు, ఎన్ని సార్లు గీత దాటించాడు, అంకెలు చూడు, పేరు రాయి. యాదగిరి అంకుల్ వాదన వేరు. ఏరేవాళ్లంతా తూర్పు పట్నాల్లో కూర్చుంటారు, టీవీలో కనబడ్డవాడే వాళ్లకి ఆటగాడు, పడమట ఎడారుల్లో ఆడేవాణ్ణి ఎవడు చూశాడు, అందుకని ప్రతి ప్రాంతానికీ ఇన్ని అని చోట్లు కేటాయించాలి అనేవాడు. ఆయన ఈ దేశం వచ్చిన కొత్తలో న్యూ మెక్సికోలో చదువుకున్నాడు. అక్కడి వాళ్ల మీద మమకారం. నాన్న ‘నీ వాటాలు నువ్వూనూ’ అని ఆటపట్టించేవాడు, ఆయన నవ్వి ఇంకో గుప్పెడు మరమరాలు నోట్లో పోసుకునేవాడు.

నవ్వుల కింద ఏముందో మాకు తెలియదు. పెద్దయ్యాక అమ్మ చెప్పింది. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం లేచినప్పుడు నాన్న హైదరాబాదులో ప్రభుత్వోద్యోగి. స్థానికుడు కాదని ఉన్న ఉద్యోగంలోంచి లేపి గుంటూరు పంపేశారు. ఆ అవమానం ఆయన కడుపులోంచి ఎన్నడూ పోలేదు. అదే ఏడు, అదే ఉద్యమంలో, యాదగిరి అంకుల్ తమ్ముడు, కాలేజీ కుర్రాడు, ఊరేగింపు మీద జరిగిన కాల్పుల్లో చనిపోయాడు. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలుసట. తెలిసే, ఆ మాట ఎత్తకుండా, అన్నా అని ఒకరూ యాదగిరీ అని ఒకరూ అన్నేళ్లు కలిసి తిన్నారట.

ఐదో డిసెంబరు వచ్చింది. బంతి పట్టుకుని పరిగెత్తేవాడి స్థానం దగ్గర ఆగిపోయారు. నాన్న మనిషి పెన్సిల్వేనియా కుర్రాడు, వారం వారం టీవీలో కనబడ్డవాడు. అంకుల్ మనిషి న్యూ మెక్సికో కుర్రాడు. అక్కడ గడియారం రెండు గంటలు వెనక, వాడు ఆడే ఆట ముగిసేసరికి ఇక్కడి పేపర్లు అచ్చయిపోతాయి, మర్నాడు స్కోరు కూడా ఉండదు, ఏరేవాళ్లు వాడి మొహమే చూసి ఉండరు అని అంకుల్ గట్టిగా పట్టుబట్టాడు. వాడి గజాలు తక్కువన్నాడు నాన్న. వాడి జట్టు పేదది, ముందు అడ్డం నిలబడి దారి చేసేవాళ్లు లేకుండా ఆ మాత్రం పరిగెత్తడమే గొప్పన్నాడు ఈయన. మిగతా ఇద్దరూ చెరో గ్లాసులో కాయ వేశారు. సమానం. శోభ గ్లాసు ఆమె చేతిలో, నా గ్లాసు నా చేతిలో. నాన్న తన కాయ వేస్తూ, ఆ రోజు ఆఫీసులో ఏం జరిగిందో ఏమో, నవ్వకుండా అన్నాడు.

“మెరిట్ లేనోళ్లే వాటా అడుగుతారు యాదగిరీ. అక్కడా అంతే, ఇక్కడా అంతే.”

గదిలో టీవీ మోగుతూనే ఉంది. అంకుల్ కాయ చేతిలోనే ఉంది. కోపంగా కూడా కాదు, చెప్పాల్సింది చెప్పినట్టు చెప్పాడు.

“నా తమ్ముడు ఫస్ట్ క్లాసుల పాసైండన్నా.”

కాయ టేబుల్ మీద పెట్టి లేచాడు. ఆంటీ చేతిలో ఉన్న పళ్లెం అమ్మ చేతికిచ్చి, శోభ కోటు వెతికి తొడిగింది. నాన్న లేచి గుమ్మందాకా వెళ్తాడనీ, ‘కూర్చోవయ్యా, ఏదో అన్నాను’ అంటాడనీ నేను ఆయన మొహమే చూస్తూ నిలబడ్డాను. ఆయన టీవీ చూస్తున్నాడు. టీవీలో షేవింగ్ క్రీము ప్రకటన వస్తోంది.

ఆ క్రిస్మస్‌కి సకినాలు లేవు. జనవరిలో అమ్మ రెండుసార్లు కేకు పంపింది, రెండుసార్లూ శుభ్రంగా తోమిన పళ్లెం తిరిగొచ్చింది, ఖాళీగా. మనవాళ్లలో ఖాళీ పళ్లెం తిరిగొచ్చిందంటే అర్థం ఏమిటో అమ్మకి వేరే చెప్పాలా? శోభ బస్సులో వేరే సీటు చూసుకుంది. నేను మర్నాడు, ఆ మర్నాడు పక్కన చోటు ఉంచి కూర్చున్నాను, తర్వాత బ్యాగు పెట్టడం మొదలెట్టాను. మిగతా రెండు కుటుంబాలూ చెరో వైపు చేరాయి. ఎండాకాలంలో అంకుల్‌కి టెక్సస్‌లో ఉద్యోగం దొరికింది. లారీలో సామాను ఎక్కిస్తుంటే మా వంటింటి కిటికీలోంచి చూశాం, అమ్మా నేనూ. ‘ఒక్కసారి వెళ్లి రండి’ అని అమ్మ నాన్నని ఎంత బతిమాలిందో నాకు తెలుసు. ఆయన గడ్డి కోస్తూ ఉండిపోయాడు. అంత శ్రద్ధగా ఆ పెరట్లో గడ్డి ఆయన ఎప్పుడూ కోయలేదు.

రెండేళ్లకి నాన్నకి రావాల్సిన ప్రమోషన్ వేరేవాడికిచ్చారు. ఆయన కింద పని నేర్చుకున్న కుర్రాడికి. ఇంటికొచ్చి, కోటు కూడా విప్పకుండా, ఏరేవాళ్లంతా ఒకే క్లబ్బులో గోల్ఫ్ ఆడేవాళ్లు, నా మొహం వాళ్లకి కనబడితే కదా అన్నాడు. అక్షరం పొల్లుపోకుండా యాదగిరి అంకుల్ మాట. నేను అన్నం ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాను, అమ్మ నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. ఆ పైన ఉద్యోగం వదిలేసి సొంత కంపెనీ పెట్టాడు. ప్రభుత్వ కాంట్రాక్టుల్లో మైనారిటీల కంపెనీలకి కొంత వాటా ఉండేది, ఇండియావాళ్లకీ అది వర్తిస్తుందని ఎవరో చెప్పారు. మొదటి వంతెన ఆ వాటాలోనే వచ్చింది. రెండోదీ అంతే. పెద్ద ఇల్లు, కొత్త కారు, నా కాలేజీ చదువు, అన్నీ వాటాలోంచే.

పదహారేళ్ల పిల్లని, నోరు ఊరుకోలేదు. ఇది వాటా కాదా నాన్నా అని అడిగేశాను.

“అది వేరు, ఇది వేరు,” అన్నాడు.

యాదగిరి అంకుల్‌కి ఒక్క ఫోన్ చేయమన్నాను. చేసి ఏమని చెప్పాలి అని నన్నే అడిగాడు. ఆ ప్రశ్నకి జవాబు ఆయనకి తెలుసు, తెలిసే అడిగాడు. అంత చదువుకున్న మనిషి, ఇంత చిన్న మాట నోట్లోంచి రాక, అంత మంచి స్నేహాన్ని మట్టిలో కలిపేశాడు. కూతుర్ని గనక క్షమించాలి అంటారు అందరూ. నాకు చేతకాలేదు.

ఇప్పుడు ప్లెయిన్స్‌బరోలో ఏ తలుపు తట్టినా తెలుగు పలుకుతుంది. కందిపప్పు ఎదురు బజార్లో దొరుకుతుంది. తెలంగాణవాళ్ల సంఘం వేరు, ఆంధ్రావాళ్ల సంఘం వేరు, బతుకమ్మకి హాలు బుక్ చేసి టికెట్లు పెడతారు. పువ్వులు పెట్టెల్లో వస్తాయి, తుమ్మేవాళ్లు లేరు. ఆల్‌-అమెరికా జట్టు ఫోన్‌లో వస్తే మా అబ్బాయి వేలితో పైకి తోసేస్తాడు. ఒకరి పెరట్లోంచి ఇంకొకరి పెరట్లోకి అడగకుండా నడిచి వెళ్లే మనుషులు మాత్రం నాకు ఈ ఊళ్లో కనబడలేదు.

పోయిన చలికాలం నాన్న పోయాడు. అమ్మ ఎవరి దగ్గర నంబరు సంపాదించిందో, పడమటి తీరాన శాన్ రామన్‌లో కూతురి దగ్గర ఉంటున్న యాదగిరి అంకుల్‌కి కబురు చేసింది. ఆయన ఒక్కడే విమానమెక్కి వచ్చాడు. శోభ రాలేదు, పువ్వులు పంపింది, కార్డు మీద ఇంగ్లీషులో రెండు మర్యాద వాక్యాలు. అంకుల్ మా తెలుగు చర్చిలో చివరి వరసలో కూర్చుని, పాటలన్నీ అయ్యేదాకా ఉండి, భోజనానికి ఆగకుండా బయటికి నడిచాడు. నేను చెప్పుల్లోనే పార్కింగ్‌లోకి పరిగెత్తాను. మంచు పడుతోంది. ఆయన ట్యాక్సీ తలుపు పట్టుకుని నిలబడ్డాడు, చాలా చిన్నగా అయిపోయాడు మనిషి. ఆ రోజు నాన్న అన్న మాటకి నేను సారీ చెబుతున్నాను అంకుల్ అన్నాను. నా తల మీద చెయ్యి పెట్టాడు.

“నీ మాట కాదు గద బిడ్డా అది, నువ్వెందుకంటవ్,” అన్నాడు. “ఏటా డిసెంబర్ల ఫోన్ కాడ కూసుంటుంటి, అన్న చేస్తడేమోనని. ఇగ ఈ ఏడు సంది కూసునే పని లేదు.”

తలుపు మెల్లిగా వేసుకున్నాడు. ట్యాక్సీ వెళ్లిపోయింది.