కంప్యూటర్‌కి జ్వరం వచ్చిన వేసవి

మొన్న ఆదివారం, ఇక్కడ బర్మాలో మా వీధిన పాత ఇనుప సామాను కొనేవాడు అరుచుకుంటూ పోతుంటే, మా ఆయన పరుగున బాల్కనీలోకి వెళ్లి వాణ్ణి ఆపారు. నేను వంటింట్లో బియ్యం కడుగుతున్నాను. ఏదో ఈడుస్తున్న చప్పుడై బయటికి వచ్చేసరికి, పాత కంప్యూటర్ డబ్బాని రెండు చేతులా ఎత్తుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. "ఆ పెట్టి గడప దాటితే నాను కూడా దాటీస్తాను, సూసుకోండి" అన్నాను. "కరెంటే సరిగా లేని ఊల్లో ఈ చచ్చిన పెట్టి నీకేటికే?" అని ఆయన విసుక్కున్నారు గానీ డబ్బాని తిరిగి మూలన పెట్టారు. కింద ఇనుము కొనేవాడు కాసేపు మేడవైపు చూసి, గొణుక్కుంటూ పజుండౌంగ్ వాగు వైపు పోయాడు. ఆ డబ్బా నాకెందుకో మా ఆయనకి తెలుసు. తెలిసీ అడగడం మగవాళ్లకి పుట్టుకతో వచ్చిన విద్య.

నాకు కోపం ఎక్కువని పుట్టింట్లోనూ మెట్టినింట్లోనూ ఒకటే మాట. కాదనను. ఆ కంప్యూటర్ మీద నేను పడ్డ కోపం ఇంకో మనిషి మీద పడి ఉంటే ఆ మనిషి ఊరు వదిలి పోయేవాడు. ఓడల ఏజెంటు దగ్గర గుమాస్తాగా చేసే రోజుల్లో, ఆఫీసులో కొత్తవి వస్తే పాతది ఒకటి మా ఆయన ఇంటికి తెచ్చుకున్నారు. మూడో అంతస్తు దాకా ఆ ఇరుకు మెట్ల మీద దాన్ని మోసుకొచ్చిన రోజు, మా అత్తగారు దానికి పసుపూ కుంకుమా పెట్టి హారతిచ్చారు. అప్పటినుంచి అది నా సొత్తు. గుడిలో ఆదివారం పిల్లలకి నేను తెలుగు చెప్పేదాన్ని. వాళ్లకి కావలసిన పాఠాలు, గుడి వాళ్ల పండగ నోటీసులు అన్నీ అందులోనే టైపు చేసేదాన్ని. మడి వంటిల్లు ఎలాగో నాకు ఆ బల్ల అలాగ. చేతులు కడుక్కోకుండా ఎవరూ ముట్టుకోకూడదు. బిస్కెట్ తింటూ వచ్చి కూచుంటే మొగుడని కూడా చూసేదాన్ని కాదు.

ఆ ఏడాది సంగతి ఇక్కడి వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అప్పటికే మహమ్మారి పేరు చెప్పి విమానాలు ఆపేశారు, గుడి మూసేశారు. అది చాలనట్టు, ఒకనాడు తెల్లారేసరికి మిలిటరీవాళ్లు దేశాన్నే తీసి జేబులో వేసుకున్నారు. జనం రోడ్ల మీదికి వచ్చారు. సాయంత్రం చీకటి పడగానే వీధి వీధంతా కంచాలూ గిన్నెలూ మోగించేవారు. దెయ్యాన్ని ఇంట్లోంచి తరమడానికి బర్మావాళ్లు అలా మోగిస్తారు. మా అత్తగారు తనతో కాపరానికి వచ్చిన ఇత్తడి పళ్లేన్ని గరిటెతో బాదీ బాదీ సొట్టలు పెట్టేశారు. తర్వాత ఫోన్లలో ఇంటర్నెట్ ఆగిపోయింది. ఆగిపోలేదు, ఆపేశారు. నీళ్ల కుళాయి కట్టేసినట్టు ఒక ఊరి నోరు కట్టెయ్యడం ఏమిటని ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది. మా ఇంటికి మాత్రం గోడలోంచి వచ్చే వైరు లైను ఉండటంతో, కోసేవాళ్ల చూపు దానిమీద ఇంకా పడలేదు.

సరిగ్గా అప్పుడే మా ఆడపడుచు కూతురు మా ఇంటికి వచ్చింది. వాళ్ల నాన్న ఇన్సేన్‌లో రైల్వే పని. అందరితోపాటు ఆయనా సమ్మె కట్టి పనిలోకి వెళ్లనన్నాడు. దాంతో క్వార్టర్స్ ఖాళీ చేయించారు. తల్లీ తండ్రీ సామాను మూటకట్టుకుని ఏటి అవతల దలాలో చుట్టాలింటికి పోయారు. పిల్ల మాత్రం అమ్మమ్మ దగ్గర ఉంటానని ఇక్కడికి వచ్చింది. మాట తక్కువ పిల్ల. తెలుగు అంతా అర్థమవుతుంది, మాట్లాడబోతే మధ్యలో బర్మా మాటలు వచ్చి పడతాయి. పొద్దున్నే లేచి కాసేపు నా కంప్యూటర్ ముందు కూచునేది, చేతులు కడుక్కునే లెండి. తర్వాత బయటికి పోయి సాయంత్రానికి చెమటతో, పొగ వాసనతో తిరిగొచ్చేది. ఎక్కడికి పోతోందో మాకు తెలుసు. ఎవరమూ అడగలేదు.

ఆ వారంలోనే కంప్యూటర్ మొరాయించడం మొదలైంది. ఒక అక్షరం కొడితే అది తెర మీదికి వచ్చేలోపు నేను పోపు పెట్టుకు రావచ్చు. లోపలి ఫ్యాను వడ్లమిల్లులాగా రొద. టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే ప్రాసెసర్ వంద శాతం పనిలో ఉంది. నేనేమో గుడి తలుపులు మూసి ఉంటాయని చెప్పే నాలుగు లైన్ల నోటీసు కొడుతున్నాను. దానికి వంద శాతం ఎందుకు? మా ఆయన తల పంకించి, "పాతదైపోనాది" అని తేల్చేశారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఈయనకి తెలియని ప్రతి జబ్బుకీ పాతదవడమే కారణం. పోరగా పోరగా కూచుని, ఆపేసిన సైట్లు చూడటానికి వచ్చినవాళ్లూ పోయినవాళ్లూ తలా ఒకటి ఎక్కించి వదిలేసిన వీపీఎన్‌లన్నీ తీసేశారు. చుట్టం తెచ్చిన పండ్లు వెనక్కి ఇవ్వకూడదన్నట్టు, మేం అవన్నీ అలాగే ఉంచేశాం మరి. వైరస్ పట్టిందేమోనని మెషీనంతా వెతికించారు. అది వెతికే పనికే ఇంకాస్త వేడెక్కింది. ఆఖరికి పక్క రేకు విప్పి బ్రష్షుతో దులిపితే, దూదిలాంటి దుమ్ము కింద ఎండిపోయిన బల్లి ఒకటి దొరికింది. కొండను తవ్వి ఎలుకను పట్టారని నేనన్నాను. బల్లి పోయినా వంద శాతం అలాగే ఉంది.

మా అత్తగారి వైద్యం వేరు. ఆవిడ దాని పక్క రేకు మీద చెయ్యి వేసి, "ఓలమ్మ, దీని ఒల్లు కాలిపోతంది గదే, జొరమొచ్చీసింది" అన్నారు. ఎండకి మొహాన రాసుకునే చలవ చెక్క తనకా, అది తెలియనివాళ్లు ఈ దేశంలో లేరు. నేను బజారుకి వెళ్లొచ్చేలోగా ఆవిడ తనకా చిక్కగా అరగదీసి డబ్బా చుట్టూ పట్టించేశారు. గాలి పోయే చిల్లులతో సహా! నల్ల డబ్బా కాస్తా పెళ్లికూతురిలా తయారైంది. ఫ్యాను తిరిగినప్పుడల్లా ఎండిన పొడి గదంతా ఎగిరి మా అందరికీ తుమ్ములు. నేను గొంతు చించుకుంటే, "నీకు రాస్తే సల్లబడ్డావా? దానికైనా సల్లబడుద్దేమోనని రాసినాను" అన్నారు ఆవిడ.

ఆ తర్వాత నేనే పట్టుకున్నాను. ఎవరు ఎక్కువ ప్రాసెసర్ తింటున్నారో వరసగా పేర్చి చూస్తే, పైన ఎప్పుడూ ఒకే ముక్కూ మొహం తెలియని పేరు. దాన్ని నొక్కి ఆపేశాను. అంతే, ఫ్యాను నిమ్మళించింది, అక్షరాలు పరుగెత్తాయి. మర్నాడు మధ్యాహ్నానికి మళ్లీ అదే. మళ్లీ ఆపాను. ఆ రాత్రి భోజనాల దగ్గర గొప్పగా చెప్పుకున్నాను, దొంగ దొరికాడు, రోజూ తలెత్తుతున్నాడు, నేను రోజూ నరుకుతున్నానని. మా ఆయన మెచ్చుకున్నారు. పిల్ల తల వంచుకుని చారన్నం కలుపుకుంటూనే ఉంది, ఎంతకీ ముద్ద ఎత్తలేదు.

తర్వాత ఒక మధ్యాహ్నం పిల్ల ఎప్పటికన్నా ముందే ఇంటికి వచ్చేసింది. కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. నేను అప్పుడే దొంగని నరకబోతున్నాను. వచ్చీ రాగానే మౌసు మీద ఉన్న నా చెయ్యి పట్టేసుకుంది. "ఆపొద్దత్తా. నిన్న ఆపీసినావు, మొన్న ఆపీసినావు. మల్లీ మొదట్నుంచి సెయ్యాలి" అంది. "ఏటే గుంటా ఇది?" అన్నాను. అప్పుడు చూపించింది. వీధుల్లో పిల్లలు ఫోన్లతో తీసిన వీడియోలు. తుపాకులు పట్టుకున్నవాళ్లు, పరుగెత్తేవాళ్లు, రోడ్డు మీద పడిపోయినవాళ్లు. అవి ఉన్నవి ఉన్నట్టు బయటి దేశాలకి పంపిస్తే, అందులో మొహం కనపడ్డ ప్రతి ఒక్కరి ఇంటికీ రాత్రికి పట్టుకుపోయే మనుషులు వస్తారు. అందుకని ఒక్కొక్క బొమ్మలో ఒక్కొక్క మొహాన్నీ వెతికి మసకతో కప్పుతోంది మెషీను. అందుకే వంద శాతం.

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. "నోట్లో నాలుక లేదా నీకు? మొదటి రోజే సెప్పడానికేటి?" అని అరిచాను. "తెలిస్తే మీకు డేంజర్ గదా" అంది. ఆ మాటతో నా కోపం ఆ పిల్ల మీదినుంచి జారి, పోవలసిన చోటికి పోయింది. చంపేవాడు మొహం దాచుకోడు. నిజం చెప్పే పిల్ల దాచుకోవాలి. దాని కోసం అత్త ఇంట్లో దొంగలాగా బతకాలి. ఏ ఊళ్లో ఉందండీ ఈ ధర్మం?

మర్నాడు ఆఖరిది ఎక్కించింది, అన్నిటికన్నా పెద్దది. అది పూర్తయితే పంపేసి, ఆ మర్నాడు పొద్దున్నే పడవెక్కి దలా పోవాలని నిర్ణయం. ఇక్కడ ఇంట్లో దిగిన చుట్టాల పేర్లు వార్డు ఆఫీసులో రాయించాలి. రాయించకుండా ఎవర్ని దాచారోనని ఇల్లిల్లూ వెతుకుతున్నారని కబురొచ్చింది. సాయంకాలం కాకముందే వార్డు ఆఫీసాయన, వెనక ఇద్దరు తుపాకులవాళ్లు మెట్లెక్కే చప్పుడు వినపడింది. ఫ్యాను హోరుమంటోంది. మా ఆయన ప్లగ్గు మీద చెయ్యి వేశారు. పీకేస్తే మొత్తం పోతుంది, మళ్లీ చెయ్యడానికి రేపు అన్నది లేదు. పిల్ల ఆయన చేతివైపే చూస్తోంది. "తియ్యండి చెయ్యి" అన్నాను. తెర నిండా గుడి నోటీసు పరిచి కుర్చీలో కూచున్నాను. మా అత్తగారు పిల్లని వంటింట్లోకి లాక్కుపోయి తనకా సానె ముందు కూచోబెట్టారు.

ఎవరా పిల్ల అంటే, మనవరాలు, అమ్మమ్మని చూసి పోవడానికి వచ్చిందన్నాం. వార్డాయన నా బల్ల దగ్గర ఆగాడు. "ఇదేం రాత అత్తా, ఇంత రొద ఎందుకు చేస్తోంది?" అని బర్మాలో అడిగాడు. ఇక చూసుకోండి. భయం భయమే గానీ కోపం మాత్రం సిద్ధంగా ఉంది. అది తెలుగు, గుడి నోటీసు అని చెప్పి, ఈ మెషీను నన్ను పెట్టిన బాధంతా మొదటినుంచి అందుకున్నాను. అక్షరం కొడితే రాకపోవడం, మొగుడి వైద్యం, బల్లి శవం, అత్తగారి తనకా, ఎగిరిన పొడి, తుమ్ములు. చిల్లుల్లో ఇంకా మిగిలిన తనకాని వేలితో చూపించాను. "నువ్వే చూడు నాయనా, ఏమైనా తెలుసా నీకు?" అని కుర్చీ జరపబోయాను. తుపాకీ పిల్లాడొకడు నవ్వు ఆపుకోలేకపోయాడు. వార్డాయన గుమ్మంవైపు జరుగుతూ, "కొత్తది కొనుక్కో అత్తా" అని దిగిపోయాడు. వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా నేను ఆ నోటీసే కొడుతూ కూచున్నాను.

చీకటి పడి, గిన్నెల మోత మొదలయ్యాక పని పూర్తయింది. ఆ మోతలో ఫ్యాను ఆగిన సంగతే మాకు తెలియలేదు. నేను రేకు మీద చెయ్యి పెట్టి చూసి, చల్లబడుతోందన్నాను. పంపేముందు పిల్ల ఒకసారి వేసి చూపించింది. రోడ్డంతా జనం, ఒక్కరికీ మొహం లేదు. కిందపడ్డ కుర్రాడి చంక కింద చెయ్యి వేసి లాగుతున్న ఒక అమ్మాయి దగ్గర నా చూపు ఆగింది. ఇక్కడి ఆడవాళ్లు కట్టే తమీన్ లుంగీ అంచు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, కాలి వేళ్లు లోపలికి తిప్పుకుంటూ నడుస్తోంది, అచ్చం మా ఆడపడుచులాగే. "ఇది నువ్వే గదే!" అన్నాను. పిల్ల కంగారుపడింది. "తెలిసిపోతందా అత్తా?" "నాకు తెలిసిపోనాది గదా!" "నువ్వు అత్తవి గదా" అని నవ్వింది.

అది పంపేసి, మొహాలున్న అసలు వీడియోలన్నీ చెరిపేసింది. రోడ్ల మీద ఫోన్లు తెరిపించి చూస్తున్నారని, మా ఫోన్లలో ఉన్న తన ఫోటోలు కూడా తానే కూచుని ఒక్కటీ మిగల్చకుండా తీసేసింది. పొద్దున్నే పడవెక్కింది. దలా నుంచి ఎటో, అక్కణ్ణుంచి ఎదురుతిరిగినవాళ్లంతా చేరుతున్న అడవుల వైపు. మొదట్లో ఏవో నంబర్లనుంచి ఒకటి రెండు మాటలు వచ్చాయి. ఇప్పుడవీ లేవు. మా ఆడపడుచు వచ్చినప్పుడల్లా ఆ వీడియో వెయ్యమంటుంది. కరెంటున్న రోజున ఆ పాత డబ్బాలోనే వేస్తాను. నడక కనపడుతుంది, చెయ్యి కనపడుతుంది, మొహం ఉండవలసిన చోట మసక. ఆ మొహాన్ని కప్పడానికి మెషీను రోజుల తరబడి ఒళ్లు కాల్చుకుంది. కాలం మాత్రం వేడెక్కకుండా, రొద చెయ్యకుండా, నా కళ్లలో మిగిలిన ఆ మొహాన్ని కూడా కొంచెం కొంచెంగా కప్పేస్తోంది. దాన్ని ఆపడానికి ఎక్కడ నొక్కాలో నాకు తెలియడం లేదు.