మాట్లాడినవాళ్ల పేర్లు

మొన్న ఉప్పల్‌లో మా పాప బడికి వెళితే, మేడ మీది తరగతిలోంచి చెవులు చిల్లులు పడేంత గోల. "ఇంగ్లీష్ గేమ్స్ పీరియడ్ మేడం, మా స్కూల్ స్పెషల్" అంది ఆఫీసులో అమ్మాయి గర్వంగా. నాకు ఒళ్లు మండిపోయింది. తొంభైల్లో ఇదే గోల వల్ల నాచారంలో మా సుగుణ టీచర్ ఉద్యోగం ఊడింది. అందులో నా చెయ్యి కూడా ఉంది.

మాది ఫ్యాక్టరీ కార్మికుల పిల్లలు చదివే రేకుల షెడ్డు బడి. పేరుకే ఇంగ్లీష్ మీడియం, నోరు తెరిస్తే దెబ్బలు. సుగుణ టీచర్ మాత్రం చేతిసంచిలో ఏదో ఒక వస్తువు దాచి తెచ్చేది. అదేమిటో మేం ఇంగ్లీషులోనే ప్రశ్నలడిగి కనిపెట్టాలి. "ముందు అడుగుండ్రి, తప్పుల సంగతి తర్వాత జూద్దాం" అనేది. మొద్దని పేరుపడ్డ యాదగిరి ఒకరోజు లేచి, "టీచర్, యువర్ మదర్ డైలీ యూజింగ్?" అన్నాడు. ఆమె పడీపడీ నవ్వి, "అబ్బ, దగ్గర్కి వచ్చినవ్ రా!" అంటూ వాళ్లమ్మ అడకత్తెర తీసి చూపించింది. ఆ ముసలి తల్లికీ ఆమెకూ ఈ ఉద్యోగమే ఆధారమని మాకందరికీ తెలుసు.

నేను క్లాస్ లీడర్ని. టీచర్ లేనప్పుడు మాట్లాడినవాళ్ల పేర్లు రాయడం నా పని. ఒకరోజు కరస్పాండెంట్ సారు పిలిచి, "ఇంగ్లీష్ పీరియడ్‌ల గూడ రాయి. గంత లొల్లి ఏంది?" అన్నాడు. నేను పొంగిపోయాను. వారమంతా బెంచీ కింద కాగితం పెట్టుకుని, ఒక్కరినీ వదలకుండా రాశాను.

శనివారం ఆయన టీచర్ని పిలిపించి, నా ముందే ఆ కాగితం ఊపాడు. "ముప్పై ఎనిమిది మందిల ముప్పై ఏడు మంది లొల్లి వెట్టిన్రు. ఇది పాఠమా, తమాషానా?"

"పాఠమే సార్. అందరూ ఇంగ్లీషుల్నే మాట్లాడిన్రు."

"సోమవారం సంది రావొద్దు."

ఆమె చెప్పింది నిజమని నాకు తెలుసు. ఔను సార్ అంటే చాలు. అనలేదు. ఛీ!

గేటు దగ్గర టీచర్ నన్ను ఆపింది. తిడుతుందనుకున్నాను.

"గందరి పేర్లున్నయి గద బిడ్డా, నీ పేరేది?"

"నేను మాట్లాడలేదు టీచర్."

"ఔ. నాకు గదే ఫికర్."

మళ్లీ ఆమెను చూడలేదు. యాదగిరి ఆ తర్వాత తరగతిలో నోరు విప్పలేదు. నన్ను మాత్రం ఏటేటా లీడర్ని చేశారు. ఇప్పుడు ఆఫీసు మీటింగుల్లో ఎవరేమన్నారో రాసిపెట్టేది నేనే. అందరూ మెచ్చుకుంటారు. చివర్లో "మీరేమంటారు మేడం?" అని అడుగుతారు.

"నథింగ్ సార్" అంటాను.