అమ్మ పట్టే లెన్సు

మా ఇంటి గోడ మీద ఒక క్యాలెండర్ ఏళ్ల తరబడి వేలాడింది. నెలల కాగితాలన్నీ చిరిగిపోయినా పైనున్న బొమ్మను మా నాయన తీయనివ్వలేదు. ఆ బొమ్మలో ఉన్నది ఆయనే. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని, నూలును అటూ ఇటూ పరిగెత్తించే నాడె చేతిలో పట్టుకుని, కిటికీ వెలుతురులో దేవుడిలా ఉంటాడు. బొమ్మకు ఎడమ చివర నల్లగా ఒక ముక్క కనిపిస్తుంది. చూసినవాళ్లు అచ్చులో పడిన మరక అనుకునేవారు. అది మరక కాదు, మా అమ్మ మోచెయ్యి.

దాన్ని చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఇప్పటికీ మండుతుంది. కాకపోతే ఆ మంట ఎవరి మీదో ఇప్పుడు తెలుసు.

ఎమ్మిగనూరులో మాది ఒకటే గది, వెనక వంటకు ఒక కొట్టం. వీధి గుమ్మంలో నిలబడితే కుడి వైపు లోపలి గోడ దాకా మగ్గమే. ఎడమ పక్క, గుమ్మానికి ఆనుకుని, అమ్మ పీట. ఆ పీట మీద కూర్చుని రాట్నం తిప్పుతూ నూలును కండెలకు చుట్టేది. ఆ కండె నాడెలో పడితేనే నాయన నేసేది. నాయన ఎంతసేపు నేస్తే ఆమె అంతసేపు చుట్టేది. నాయన లేచి బీడీ ముట్టించుకుంటే ఆమె లేచి పొయ్యి ముట్టించేది. ఊళ్లో ఎవరైనా మా నాయనను "ఎన్ని చీరలు నేసినావు?" అని అడిగేవాళ్లు. అమ్మను ఎన్ని కండెలు చుట్టావని అడిగిన మనిషిని నేను చూడలేదు.

డెబ్భైల్లో మా ఊరి నేత చూడాలని ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్లు. మెడలో కెమెరా లేనివాడు తక్కువ. గదిలోకి వస్తే మగ్గం కాళ్లకు తగులుతుంది, వెనక్కి పోతే మురికి కాలువ. అందుకని ప్రతివాడూ గుమ్మంలోనే నిలబడి కెమెరా కంటికి పెట్టుకునేవాడు. పెట్టుకుని అదే మాట అనేవాడు. "అమ్మగారూ, కొంచెం లేచి అవతలకు జరుగుతారా?"

వాళ్ల కంటే ముందు నాయనే అందుకునేవాడు. "లేయి, లేయి. ఆయప్పకు అడ్డమొస్తాండావు."

అమ్మ లేచి వీధిలోకి పోయి ఎదురింటి గోడ పక్కన నిలబడేది. వేళ్లకు నూలు పోగులు అంటుకునే ఉండేవి. ఫోటోలు అయిపోయాక వచ్చి మళ్లీ పీట మీద కూర్చునేది. క్యాలెండర్ వాడు వచ్చిన రోజు పూర్తిగా లేవకుండా పక్కకు ఒరిగింది. చుడుతున్న కండె సగంలో ఉంది మరి. ఆ ఒరగడంలో మిగిలిపోయిందే ఆ మోచెయ్యి. క్యాలెండర్ పంపిస్తూ వాడు నాయనకు ఉత్తరం కూడా రాశాడు, ఎడమ చివర చిన్న లోపం జరిగింది, మన్నించమని. లోపమట! ఆ ఉత్తరం చించి పొయ్యిలో పడేసింది నేనే.

నాకు చదువు అబ్బలేదు. ఆదోనికి పోయి ఒక ఫోటో స్టూడియోలో పని నేర్చుకుని, కొన్నాళ్లకు సొంతంగా ఒక గది తీసుకున్నాను. పెళ్లిళ్లు, పేరంటాలు, పత్తి మిల్లుల వాళ్ల గుర్తింపు కార్డులు. నా కెమెరాకు దానితో పాటే వచ్చిన మామూలు లెన్సు ఉండేది, యాభై నంబరుది. మన కన్ను ఒక మనిషిని నింపాదిగా చూస్తే ఎంత కనిపిస్తుందో దానికీ దాదాపు అంతే. నంబరు తగ్గే కొద్దీ లెన్సు ఎక్కువ వెడల్పు చూస్తుంది.

కెమెరా కొన్న వారానికే ఎమ్మిగనూరు పోయాను. అందరిలాగే గుమ్మంలో నిలబడ్డాను. అందరిలాగే మగ్గం కేసి తిప్పాను. చివర అమ్మ భుజం సగం పడుతోంది. "అమ్మా, రవ్వంత లేయి" అన్నాను.

అన్నాక తల కొట్టేసినట్టయింది. అమ్మ మాత్రం అప్పటికే లేచి వీధిలో నిలబడి ఉంది. ఆ రోజు ఒక్క ఫోటో కూడా తీయలేదు. బస్సులో పళ్లు కొరుక్కుంటూ వచ్చాను. తప్పు లెన్సుదని తేల్చుకున్నాను. అమ్మా మగ్గమూ కలిసి పట్టే లెన్సు ఎక్కడున్నా తెస్తాను, అమ్మను పీట మీంచి లేపకుండా ఫోటో తీసి ఆ క్యాలెండర్ మీదనే మేకు కొట్టి తగిలిస్తాను అని ఒట్టు పెట్టుకున్నాను.

ఒట్టు పెట్టుకుని ఏళ్లు గడిచాయి. ఎనభైలు వచ్చాయి, నాయన మోకాళ్లు పోయాయి. గుంతలో దిగితే ఎక్కలేడు, ఎక్కితే దిగలేడు. ఒక ఆదివారం నేను పోయినప్పుడు చెప్పేశాడు. "శ్రావణంలో ఉరుకుంద జాతరకు పోయొచ్చి మగ్గం ఎత్తేస్తా. గుంత పూడిపిస్తా. గూడూరాయప్ప ఒకడు అడుగుతాండాడు, రాట్నంతో సహా ఇచ్చేస్తా."

శ్రావణానికి నెలన్నర ఉంది. గుంత పూడితే మా అమ్మ ఆ గదిలో బతుకంతా ఏం చేసిందో చూపించే గుర్తు ఉండదు. క్యాలెండర్‌లో మోచెయ్యి ఒక్కటే మిగులుతుంది.

అప్పుడే పడుగు నూలు కాస్త తీసుకుని గది కొలిచాను. మా ఇంట్లో టేపు ఎప్పుడూ లేదు, ఏది కొలవాలన్నా నూలే. గుమ్మం నుంచి మగ్గం చివరి గుంజ దాకా ఒక దారం, గుమ్మం నుంచి అమ్మ పీట దాకా ఒకటి, పీట నుంచి గుంజ దాకా ఇంకొకటి. మూడింటినీ ఉండ చుట్టి జేబులో వేసుకున్నాను. "లెన్సును దారంతో కొలుస్తావేమప్పా?" అని అమ్మ నవ్వింది.

ఆదోని బజారులో ఫిల్ములూ కాగితాలూ అమ్మే ఒక వ్యాపారి బొంబాయి నుంచి పాత లెన్సులు తెప్పించేవాడు. నా పోరు పడలేక మూడు తెప్పించాడు. సాయంత్రం బండికి రెండు వెనక్కి పంపాలి, తొందరగా తేల్చుకోమన్నాడు. నేను ఆయన అంగడి ముందు అరుగు మీద నా మూడు దారాలు పరిచాను. అరుగు స్తంభం మగ్గం గుంజ. పీట ఉండాల్సిన చోట అమ్మకు బదులు ఒక స్టూలు పెట్టాను.

"క్యా భాయ్, నువ్వు ఫోటోగ్రాఫర్‌వా, దర్జీవా?" అన్నాడు. బజారంతా నవ్వింది. నవ్వుకోనీ అనుకున్నాను.

ఇరవై ఎనిమిది నంబరు పెట్టాను. స్తంభం పడింది, స్టూలుది ఒక కాలు పడింది. ఇరవై నాలుగు పెట్టాను. స్టూలు సగం వచ్చింది.

"చాలు గదా భాయ్. సగమొస్తే మనిషి తెల్సిపోతాది. ఇది తీస్కో, బొమ్మ బాగా వస్తాది."

"సగం మనిషి మా గోడ మీద ఉండనే ఉంది. ఇంకో సగం మనిషి నాకొద్దు" అని అరిచాను. పాపం, ఆయనకేం తెలుసు. బిత్తరపోయి మూడోది చేతిలో పెట్టాడు.

అది జూమ్ లెన్సు. బరువుగా, ముందు గాజు గుడ్డులా ఉబ్బి ఉంది. ముప్పై అయిదు నుంచి ఇరవై ఒకటి దాకా పోతుంది. కంటికి పెట్టుకుని మెల్లగా తిప్పాను. ముప్పై అయిదు మీద స్తంభం, గోడ, అంతే. తిప్పుతుంటే ఎడమ చివర నుంచి స్టూలు ఒక కాలు, రెండు కాళ్లు, పలక. ఇరవై ఒకటి దగ్గర నాలుగు కాళ్లూ లోపలికి వచ్చేశాయి. బతుకులో మొదటిసారి ఎవరూ మా అమ్మను బయటికి పొమ్మనకుండా ఆమే నడిచి లోపలికి వచ్చినట్టుంది.

"ఒక మాట సెప్తా ఇను" అన్నాడు వ్యాపారి. "దీంట్లో చివర ఉండేటోళ్లు సాగుతారు. పెండ్లిండ్లలో చివర ఆడోళ్లను నిలబెడితే నీతో కొట్లాటకొస్తారు."

స్టూలు కాస్త వాలి కనిపించిన మాట నిజమే. స్టూలుకేంలే అనుకున్నాను. నేత ఇంట్లో పుట్టినవాడిని. మా దగ్గర అంచు అంటే చీరకంతటికీ గట్టి చోటు, అందమైన చోటు. నాయన ఎంత విసుగులో ఉన్నా అంచు దగ్గర చెయ్యి జాగ్రత్త పడేది. లెన్సుకు అంచు నాసిరకమని ఎవడో చెబితే నమ్మే బుద్ధి నాకు లేకపోయింది. మోటారు సైకిలు అమ్మి ఆ లెన్సు కొన్నాను.

మగ్గం ఎత్తేసే ముందు రోజు పొద్దున స్టాండూ కెమెరా మోసుకుని బస్సు దిగాను. నాయన ఉతికిన ధోవతి కట్టుకుని గుంతలో దిగి కూర్చున్నాడు. నేను గుమ్మంలో స్టాండు నిలబెట్టగానే ఆయన అలవాటుగా అమ్మతో అన్నాడు, "లేయి, అడ్డమొస్తాండావు."

అమ్మ లేచింది.

"కూర్చో!" అని కేక పెట్టాను. "ఎవరన్నా నిన్ను లేయమంటే ఈ కెమెరా కాలవలో పారేస్తా. కూర్చోమ్మా!" వీధి వీధంతా గుమ్మం ముందు చేరింది. నాయన తల దించుకున్నాడు. ఆయన మీద అంత గొంతు నేనెప్పుడూ లేపలేదు.

అమ్మ భయపడుతూ కూర్చుంది. "నేనేం జేయల్లప్పా?"

"రోజూ చేసేదే చెయ్యి."

ఆమె రాట్నం తిప్పింది. లెన్సు ఇరవై ఒకటి మీద పెట్టి ముప్పై ఆరు ఫోటోలు తీశాను. మగ్గం, నాయన, కిటికీ, అమ్మ, అన్నీ ఉన్నాయి. ఆ చీకటి గదిలో ప్రతిసారీ ఆమె పట్టిందా లేదా అనే చూశాను. ఎలా పట్టిందో చూడలేదు.

మర్నాడు ఆదోనిలో ఫిల్ము కడిగి ఫోటోలు వేశాను. మందులో కాగితం మీద మెల్లగా బొమ్మ తేలింది. నడిమధ్యన నాయన, మళ్లీ దేవుడిలాగే. ఎడమ చివర అమ్మ. దవడ ఒక పక్కకు జారిపోయింది. నుదురు సాగి గోడలో కలిసింది. రాట్నం పిడి పట్టుకున్న చెయ్యి తలకంటే పెద్దదిగా ఉంది. ఇంకోటి వేశాను. ఇంకోటి. ముప్పై ఆరింటిలో ఒక్కదానిలోనూ మా అమ్మ లేదు. అమ్మ చీర కట్టుకున్న ఎవరో ఉన్నారు.

తడి ఫోటో పట్టుకుని బజారుకు పరుగెత్తాను. వ్యాపారి దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"సెప్పినా గదా భాయ్. చివర పెట్టొద్దంటిని."

"ఆమె కూర్చునేదే చివర!" అన్నాను. "అది ఆమె జాగా! పెండ్లయి వచ్చినప్పటి నుంచీ అదే జాగా!" ఆయన గల్లా మీద గుద్దిన దెబ్బకు నా చెయ్యే వాచింది. ఆయన మంచినీళ్లు తెప్పించాడు. ఆ మంచితనానికి ఇంకా మండింది.

ఫోటో తీసుకుని ఎమ్మిగనూరు పోయేసరికి మగ్గం లేదు. గుంత పూడ్చి పేడతో అలికారు, ఇంకా తడి ఆరలేదు. రాట్నం కూడా మగ్గంతో పాటే గూడూరు బండెక్కింది. నాయన మంచం మీద నుంచే చెయ్యి చాచి ఫోటో తీసుకున్నాడు. చూసి పకపకా నవ్వాడు. "ఇదేందిరా, మీయమ్మను గుమ్మడికాయను జేసినావు!" పక్కింటామె వచ్చి చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అమ్మ నవ్వలేదు. గుమ్మం వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూసింది. "మీ నాయన బాగా వచ్చినాడు" అంది. తర్వాత నా కెమెరా సంచీ వైపు చూసింది.

"దీనికి ముందు నీకాడ ఒకటి ఉన్నింది గదప్పా, చిన్నది. దాంట్లో నేనొక్కదాన్ని పట్టనా?"

ఆమె కోపంగా అడగలేదు, ఎత్తిపొడవలేదు. తెలియక అడిగింది.

పడుతుంది. ఎందుకు పట్టదు? ఆమె ముందు కింద కూర్చుని యాభై నంబరు లెన్సు ఎత్తితే ఆమే, రాట్నమే, ఆ వేళ్లే. ఏమీ సాగదు, ఏదీ తెగదు. ఆ లెన్సు ఎన్నో ఏళ్లు నా మెడలోనే ఉంది. ఎన్ని ఆదివారాలు ఆ గుమ్మం దాటి ఆమె పక్క నుంచే లోపలికి పోయాను! ఆమె వైపు ఒక్కసారి తిప్పలేదు. వెనక మగ్గం లేకపోతే, మగ్గంలో నాయన లేకపోతే, కండెలు చుట్టే ఆడమనిషి ఒక ఫోటో అవుతుందని క్యాలెండర్ వాడికి తోచలేదు. వాడు పరాయివాడు. నాకు తోచకపోవడానికి నాకేం రోగం? ఆమెను లేవమన్న ప్రతివాడినీ తిట్టిపోశాను. నేను చేసిందల్లా ఆమెను చివరనే ఉంచి, చివర ఎక్కడిదాకా సాగుతుందో వెతకడం. సిగ్గులేని వెధవను.

ఆ తర్వాత ఆ జూమ్ లెన్సు పెళ్లిళ్లలో భేషుగ్గా పని చేసింది. మంచి లెన్సని అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకున్న ప్రతిసారీ దాన్ని నేలకేసి కొట్టాలనిపించేది.

అమ్మ అలా అడిగిన రోజు మాత్రం అది తీసి సంచీలో పడేసి పాత లెన్సు తగిలించాను. అమ్మను పీట మీద కూర్చోమన్నాను. నేను ఎదురుగా, పూడ్చిన గుంత మీద కూర్చున్నాను. ప్యాంటుకు తడి పేడ అంటుకుంది. ఆమె ముఖం నిండుగా, ఉన్నది ఉన్నట్టు కనిపించింది. కుడి చెయ్యి దానంతట అదే పైకి లేచి, రాట్నం పిడి ఉండాల్సిన చోట ఆగింది. అక్కడ ఏమీ లేదు. దించుకుంది.

"చేతులు యాడ పెట్టుకోవల్లప్పా?" అని అడిగింది.

నేను కెమెరా కంటికి పెట్టుకునే ఉన్నాను. ఆమె రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది. అప్పుడు తీశాను. ఫోటోలో ముఖం చక్కగా వచ్చింది. చేతులు లేవు.