అప్పతో ఏప్రిల్ మంచులో

మా అక్కకి కోపం వస్తే ముందు చెయ్యి లేస్తుంది, తరవాత నోరు లేస్తుంది. మా వైపు అక్కని అప్ప అంటాం. చిన్నప్పుడు నాకు జడ వేస్తుంటే తల కాస్త కదిపానో లేదో, దువ్వెనతో నెత్తి మీద ఒకటి పడేది. ఎక్కం తప్పితే వీపు మీద, తప్పకపోయినా నసిగితే మూతి మీద. కొట్టాక గుడ్డ వేడి నీళ్లలో ముంచి కాపడం పెట్టేది, పెడుతూ తిట్టేది. ఆ తిట్లకే నేను ఎక్కువ ఏడ్చేదాన్ని. చోడవరం మండలాఫీసులో గుమాస్తా అయ్యాక కూడా ఆ చెయ్యి ఊరుకోలేదు. బస్సులో మీద మీద పడ్డ ఓ పెద్దమనిషిని కె.కోటపాడులో మొదలుపెట్టి చోడవరం కాంప్లెక్సు దాకా చెప్పుతో కొట్టుకుంటూ వచ్చిందని మా బావ ఇప్పటికీ గర్వంగానే చెప్తాడు.

ఆ అప్ప రెండేళ్ల కిందట మార్చి నెలాఖరులో చెప్పాపెట్టకుండా నా దగ్గరికి వచ్చేసింది. నేనప్పుడు బదిలీ మీద హిమాచల్‌లో, మనాలి పైన ఓ చిన్న ఊళ్లో కేంద్ర ప్రభుత్వ బడిలో లెక్కలు చెప్తున్నాను. అంత దూరం రెండు రైళ్లు, ఒక బస్సు మారి ఒక్కతీ వచ్చిందంటే ఒళ్లు ఎంత మండి ఉండాలో ఆలోచించండి. సంగతేమిటంటే, అప్ప కూతురికి తొలి కాన్పు. తొలి పురుడు పుట్టింట్లో పోయడం మా ఇళ్లలో ఆనవాయితీ. అప్ప గదికి సున్నం వేయించింది, పాత నూలు చీరలు ఉతికి మడతలు పెట్టింది, బాలింతకి పెట్టే కాయం మందు తనే దంచింది. ఆ పిల్ల మాత్రం రాలేదు. దేవరాపల్లిలో అత్తవారింట్లోనే కనేసింది. ఆడపిల్ల పుట్టి నెల దాటినా తల్లి గడప తొక్కలేదు.

"ఆళ్లు పంపలేదే. నా కూతురు గుంటని కట్టి పడేసేరు," అంది అప్ప, వచ్చిన రోజున సంచీ కింద పెట్టకుండానే. వియ్యపురాలి ఇంటి మీదకి దండెత్తి వెళ్లి ఆవిడ జుట్టు పట్టుకోబోయిందట. మా బావ అడ్డం పడితే ఆ దెబ్బేదో ఆయనకి తగిలిందట. ఊళ్లో తలెత్తుకోలేక సెలవు పెట్టి నా దగ్గరికి వచ్చింది.

వాళ్లు పంపకపోవడం కాదు, ఆ పిల్లే రానంది. ఎందుకు రానందో నాకు ఫోన్లో చెప్పింది కూడా. అప్పకి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని "నా కూతురు ఎప్పుడొస్తాదే" అని అప్ప అడిగేది. నేను లేచి వెళ్లి పొయ్యి తుడుచుకునేదాన్ని.

ఇంట్లో కూర్చోబెడితే ఏదో ఒకటి బద్దలు కొట్టేలా ఉందని స్కీయింగ్‌కి తీసుకెళ్లాను. కొండ కొమ్ము నుంచి జర్రున జారే రకం కాదిది. సన్నటి పొడుగాటి పలకలు కాళ్లకి తగిలించుకుని, రెండు చేతులా రెండు కర్రలు పట్టుకుని, చదును నేల మీద నడకా జారుడూ కలిపి మైళ్లకి మైళ్లు పోవడం. బూటు ముందు భాగం ఒక్కటే పలకకి కొక్కెంతో బిగుస్తుంది, మడమ లేస్తూ ఉంటుంది. నాలుగు శీతాకాలాల్లో నాకు బాగానే పట్టుబడింది. అప్పకి పక్కింటావిడ పలకలు అడిగి తెచ్చాను.

మొదటి రోజు అప్ప పడని చోటు లేదు. ఓసారి బోర్లా పడి పెదవి పళ్ల కింద నలిగి నెత్తురొచ్చింది. ఉమ్మి, ఎర్రగా పడ్డ ఆ మంచుని కర్ర తిరగేసి బాదింది. "నన్ను పడేస్తావా నువ్వు, నీ తాట తీస్తాను సూడు," అని ఇంకా బాదింది. ఆ మైదానంలో ఉన్న ఇద్దరు ముగ్గురు దారి మార్చుకున్నారు. నాకు నవ్వాగలేదు, నవ్వినందుకు నాకూ ఒకటి తగిలింది. లేచి ముక్కు తుడుచుకుని "ఏదీ, మళ్లీ సూపించు," అంది.

ఏప్రిల్ మంచు ఒకలా ఉండదు. తెల్లవారుజామున రాత్రి చలికి బిగిసి బండలా ఉంటుంది. పలకల కింద కరకరమంటుంది, పడితే మోకాలి చిప్ప పగలాల్సిందే. ఎండ కాస్త తగిలాక పై పొర బొంబాయి రవ్వలా విడిపోతుంది. అదే అసలు సమయం, అప్పుడు పలకలు వాటంతటవే పోతాయి, మనం ఊరికే వెనకాల ఉంటే చాలు. పొద్దెక్కాక అంతా జావ. కాళ్లు దిగబడిపోతాయి, తొడలు పీకేస్తాయి. దేవదారు చెట్ల నీడలో ఇంకా గట్టిగానే ఉంటుంది కాబట్టి, నీడలోంచి ఎండలోకి వచ్చేసరికి పలక ఠక్కున పట్టేసి మనిషిని ముందుకి విసిరేస్తుంది. అప్ప ఆ విసురుళ్లకి మరిగింది. కావాలని నీడలో ఊపందుకుని ఎండలోకి దూసుకొచ్చి పల్టీ కొట్టేది.

"ఇరవయ్యేళ్లు ఆఫీసు కుర్సీలో కూకున్నానే," అంది ఓ రోజు మంచులో వెల్లకిలా పడి, రొప్పుతూ. "ఇలాగ ఒళ్లంతా ఇరగ్గొట్టించుకుంటే ఎంత హాయిగున్నాదో." మోకాళ్లు నల్లగా కమిలిపోయాయి, చేతి మీద చర్మం లేచిపోయింది. అంత సంతోషంగా ఉన్న అప్పని నేను ఎన్నడూ చూడలేదు. ఈ సంతోషంలో ఉండగానే కూతురి మాట చెప్పేద్దామని నోరు తెరిచాను. చెయ్యి వాటం చూసి మూసేశాను.

వెళ్లిపోయే ముందు పై మైదానం చూపించమంది. అక్కడికి పోవాలంటే ఓ గెడ్డ, అంటే కొండవాగు, దాటాలి. చలికాలమంతా దాని మీద మంచు కప్పు ఉంటుంది, నడిచి పోవచ్చు. ఏప్రిల్‌లో ఆ కప్పు కింద నీళ్లు తొలిచేస్తుంటాయి. రాత్రి చలి పట్టు ఉన్నంతసేపే అది మనిషిని మోస్తుంది. అందుకని చీకటితో వెళ్లి ఎండ ముదరకుండా వచ్చేయాలి. అప్పకి అంతా చెప్పి అలారం పెట్టాను.

పొద్దున్న లేచేసరికి అప్ప చోడవరం నుంచి తెచ్చుకున్న క్యాలెండరు ముందు నిలబడి ఉంది. "ఇప్పుడు వర్జ్యం, దాని ఎనకాలే దుర్ముహూర్తం. తొమ్మిదిన్నర దాకా గడప దాటను," అంది.

"అప్పా, గెడ్డ మీద మంచుకి నీ వర్జ్యం తెలీదు."

"కొత్త సోటికి వర్జ్యంలో బయల్దేరతావేటి? బుద్ధుందా?"

నేను క్యాలెండరు లాగి మంచం మీద విసిరేశాను. చెంప ఛెళ్లుమంది. నలభై నాలుగేళ్లదాన్ని, బళ్లో పిల్లలు నన్ను చూస్తే లేచి నిలబడతారు, చెంప పట్టుకుని వంటింట్లో నిలబడ్డాను.  ఆమె పలకలు తీసి వీధిలో పారేద్దామనిపించింది. కానీ నిజం చెప్పాలంటే, ఆ ఇంట్లో పెరిగినదాన్నే కదా, వర్జ్యంలో పొరుగూరు బస్సు కూడా ఎక్కనివాళ్లం. నాకూ లోపల ఎక్కడో బెదురు ఉంది. ఇద్దరం మొహాలు మాడ్చుకుని టీ తాగుతూ తొమ్మిదిన్నర దాకా కూర్చున్నాం.

వెళ్లేటప్పుడు గెడ్డ మీద మంచు మోసింది. కర్ర గుచ్చితే మాత్రం లోపలికి దిగింది. "వెనక్కి పోదాం," అన్నాను. అప్ప అప్పటికే అవతలి ఒడ్డున ఉంది. పై మైదానం చేరాక నేనూ ఆ మాట మరిచిపోయాను. ఎండ, గాలి లేదు, రవ్వ మంచు ఇంకా కొంచెం మిగిలే ఉంది. ఇద్దరం పందెం వేసుకున్నాం. నన్ను దాటలేక అప్ప కర్ర అడ్డం పెట్టి పడేసింది, నేను ఆమె కాలు పట్టుకుని లాగేశాను. ఇద్దరం దొర్లాం. చివరికి లేచి ఎదురుగా ఉన్న కొండల కేసి తిరిగి వియ్యపురాలిని ఏడు తరాలు కలిపి తిట్టింది. కొండలు తిరిగి తిట్టాయి. అప్ప పడీ పడీ నవ్వింది.

తిరిగి గెడ్డ దగ్గరికి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. "నేను దాటేదాకా కాలు పెట్టకు," అని ముందు నేను వెళ్లాను. సగంలో కాళ్ల కింద ధబ్బున శబ్దం వచ్చింది. కప్పు మొత్తం నాతో సహా కూలిపోయింది.

వెల్లకిలా పడ్డాను. ఒక పలక విరిగి కొట్టుకుపోయింది. రెండోది రెండు బండల సందులో ఇరుక్కుంది, దాంతో నా కుడి కాలూ ఇరుక్కుంది. కాలు పైన, తల కింద. తొడ మీద గోడంత మంచు పెడ్డ పడింది. మోచేతుల మీద లేస్తే మెడ పైకి వస్తుంది, జారితే నీళ్లు నోట్లోకి పోతున్నాయి. ఆ నీళ్ల చలి చలిలా ఉండదు, కత్తితో కోసినట్టే ఉంటుంది. పైగా ఎండ ముదిరేకొద్దీ పైన మంచు కరిగి గెడ్డ పెరుగుతుంది. మధ్యాహ్నాలు అంతే. కళ్లముందే నీళ్లు రొమ్ము దాటి భుజాలకి వచ్చాయి.

అప్ప పలకలు విసిరేసి దిగింది. చంకల కింద చేతులేసి లాగింది. మోకాలు ఊడొచ్చినట్టై నేను పెట్టిన కేకకి వదిలేసింది. పెడ్డని కర్రతో పొడిచి పొడిచి పక్కకి కూల్చింది, కర్ర విరిగింది. బూటు లేసులు బిగిసిపోయాయి, పళ్లతో కొరికింది. కొక్కెం మీట నొక్కింది, అది వంగిపోయి కదల్లేదు.

"రాయి తీసుకో. కొక్కెం పగలగొట్టు," అన్నాను.

రెండు చేతులా రాయి ఎత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. "నీ కాలున్నాదే అక్కడ," అంది.

"ఉండనీ. కొట్టు."

"ఇరిగిపోద్దే."

"నీళ్లు సూడు అప్పా. కొట్టు."

"నా వల్ల కాదు." మా అప్ప నోట ఆ మాట అదే మొదటిసారి విన్నాను. రాయి దించేసి ఏడవడం మొదలుపెట్టింది. ఊళ్లోకి పోయి మనుషుల్ని తెస్తానంది. వాళ్లు వచ్చేసరికి నేనుండనని ఇద్దరికీ తెలుసు. నాకు చావు భయం పట్టుకుంది, దానికన్నా ఎక్కువ కోపం పట్టుకుంది. పుట్టాక అప్పని ఎన్నడూ 'ఏమే' అననిదాన్ని, ఆ రోజు అన్నాను.

"కొట్టవే. నన్ను కొట్టడం నీకు కొత్తా? నీ కూతురు పురిటికి ఎందుకు రాలేదో తెలుసా? ఆళ్లు పంపకపోడం కాదు. నువ్వు కొడతావనే రాలేదు. 'పసిగుంట ఏడిస్తే అమ్మ చెయ్యి ఊరుకోదు పిన్నీ, నా గుంటని ఆ ఇంట్లో పడుకోబెట్టను' అని నాతో సెప్పింది. ఎప్పటికీ రాదు. ఇన్నావా?"

అప్ప మొహం ఎలా మారిందో నాకు సరిగ్గా గుర్తులేదు, నీళ్లు కళ్లలో పడుతున్నాయి. రాయి లేవడం మాత్రం గుర్తుంది. మొదటి దెబ్బ చీలమండ మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు గెడ్డ హోరులో కూడా విన్నాను. రెండో దెబ్బ, మూడో దెబ్బ. కొక్కెం మీద పడ్డాయో కాలి మీద పడ్డాయో, ఆమె చూడటం లేదు, అరుస్తూ కొడుతోంది. ఏదో విరిగింది, కాలు ఊడింది. జుట్టు చేతికి చుట్టుకుని, కోటు కాలరు పట్టుకుని ఒడ్డుకి ఈడ్చిపారేసింది. నేను కళ్లు మూస్తే చాలు, చెంపలు వాయించింది. మూతి పగిలింది. కింద రోడ్డు పని చేస్తున్నవాళ్లు ఆ అరుపులకి పైకి వచ్చి, ఈ ఆడది ఎవరినో చంపేస్తోందనుకుని ముందు ఆమెనే పట్టుకున్నారు.

ఆస్పత్రిలో డాక్టరు కాలు ఎలా విరిగిందని అడిగితే అప్ప వచ్చీరాని హిందీలో "నేనే కొట్టేను" అని చెప్పింది. భాష రాక ఏదో అంటోందనుకుని ఆయన పడ్డట్టు రాసుకున్నాడు. కట్టు కట్టి వార్డులో పడుకోబెట్టారు.

 సాయంత్రం దాకా అప్ప నా పక్కన స్టూలు మీద కూర్చుని కిటికీ కేసి చూస్తూ ఉంది. టీ ఇస్తే చల్లారిపోయేదాకా పట్టుకుని కింద పెట్టేసింది.

"అది నీతో ఆ మాట ఎప్పుడన్నాది?" అంది.

"ఫిబ్రవరిలో."

"అయితే నేనొచ్చేతలికే నీకు తెలుసు."

"తెలుసు."

"రోజూ అడిగేను కదే నిన్ను. నా ఎదర కూకుని కాఫీ తాగేవు. ఎందుకు సెప్పలేదు?"

అప్పటికైనా, నిన్ను రెచ్చగొట్టడానికి నేనే కల్పించానని అనేస్తే సరిపోయేది. ఆమె కూడా అదే వినాలనుకుంటోందని తెలుస్తూనే ఉంది. కాలు సలుపుతోంది, మూతి వాచింది, అబద్ధం ఆడే ఓపిక నాకు లేదు.

"కొడతావని, అప్పా," అన్నాను.

అప్ప నా కేసి చూసింది. నా మీద దుప్పటి జారిపోయి ఉంది. అది పైకి లాగడానికి చెయ్యి ఎత్తింది. నేను కళ్లు గట్టిగా మూసుకుని తల పక్కకి తిప్పేసుకున్నాను. మళ్లీ తెరిచేసరికి అప్ప చెయ్యి ఒళ్లో ఉంది, దుప్పటి ఎక్కడిదక్కడే ఉంది.