ప్రొఫెసరు గారి నడుం పట్టీ

ఇంజనీరింగ్ కాలేజీలో అయస్కాంతాల ప్రొఫెసరు గారికి విద్యార్థులు చాటుగా పెట్టుకున్న పేరు సూదిమొన. ఆయన పనంతా సూదిమొన మీద వేలకొద్దీ పట్టే బుల్లి అయస్కాంతాలతోనే మరి. ఒక్కొక్కటీ పైకి చూస్తే ఒకటి, కిందికి చూస్తే సున్నా. కరెంటు పోయినా చూసిన వైపే చూస్తూంటాయి గనక, వాటితో కంప్యూటరు చేస్తే బోలెడు కరెంటు మిగులుతుందని ఆయన ఇరవై ఏళ్ల ఆశ. వాటిని అటూ ఇటూ తిప్పడానికి మాత్రం కాస్త కరెంటు కావాలి. అదెంత తగ్గితే అంత గొప్ప.

ఈమధ్య అది సగానికి సగం తగ్గిపోయింది. ల్యాబంతా పొంగిపోయింది. తీరా పరిశోధక విద్యార్థిని ఒంటరిగా కొలిస్తే మళ్లీ మామూలే. ఆ ఫలితం మీద రాసిన పేపరు సాయంత్రానికి పత్రికకి పంపాలి.

"నీకు చెయ్యి నిలకడగా లేదమ్మా," అని విసుక్కున్నారు ప్రొఫెసరు. "ఇలాగైతే కొలతలు ఇంకొకరికి అప్పజెప్పాల్సి వస్తుంది."

ఆ అమ్మాయి కళ్లు చెమర్చాయి. "కోప్పడనంటే ఒక మాట సార్. మీరు పక్కన నించుంటేనే తగ్గుతోంది."

"నన్ను చూసి భయపడుతున్నాయా ఏమిటి, మీలాగా?"

నవ్వుతూ వంగబోయి, కలుక్కుమన్న నడుం పట్టుకున్నారు. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

చొక్కా లోపల అయస్కాంతాల పట్టీ! బుల్లివాటిని సగం తిప్పేస్తున్నది అదన్నమాట! నొప్పి లాగేస్తుందని భార్య కొనిచ్చింది. "నా దగ్గరా ఈ కబుర్లు?" అని వారం రోజులు ఆవిణ్ణి వెక్కిరించి, ఎనిమిదో రోజు నుంచి గుట్టుగా కట్టుకుంటున్నారు. అందరి చేతా తాళంచెవులూ బెల్టులూ గుమ్మం బయటే తీయించే మనిషి!

బాత్రూములోకి వెళ్లి విప్పేశారు. సంచీలో దాచేస్తే ఎవరికీ తెలియదు. పట్టీ లేకపోతే కరెంటు తగ్గదు గనక పేపరు ఎలాగూ ఆగిపోతుంది, నింద మాత్రం ఆ పిల్ల చేతికి అంటుకుంటుంది. అద్దంలో తన మొహం తనకే నచ్చలేదు.

పట్టీ చేత్తో పట్టుకునే ల్యాబుకొచ్చారు.

"అయ్యో సార్, ఆగండి! దాంతో బల్ల దగ్గరికి రాకండి!" ఆ అమ్మాయి ఆయన మీద కేకెయ్యడం అదే మొదటిసారి. ఆయన బుద్ధిగా గుమ్మంలోనే నిలబడిపోయారు.

"తప్పు నీ చేతిది కాదమ్మా, నా నడుముది. పేపరు ఆపెయ్."

ఆమె పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది. "మరి రికార్డులో కారణం ఏమని రాయను సార్?"

"ఉన్నదున్నట్టే రాయి."

"ఎవరి నడుమని?"

ప్రొఫెసరు పట్టీని గుమ్మం బయట పెట్టారు. "నాదనే రాయి. దానికంటే పైన, నీ కొలతలన్నీ సరైనవని రాయి. సంతకం నేను పెడతాను."